కాజీపేట పరిసర క్రైస్తవ సంఘాలు: స్థాపన, విస్తరణ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

వరంగల్ కతోలిక మేత్రాసనానికి ప్రధాన దేవాలయం వరంగల్ కోటలోనో హనుమకొండ నడిబొడ్డునో లేదు. కాజీపేట రైల్వే జంక్షన్‌కు ఆనుకొని ఉన్న ఫాతిమానగర్‌లో ఉంది. ఇదే ప్రాంతంలోని ఆంగ్లికన్ పీఠం కూడా మరొక రైల్వే జంక్షన్ అయిన డోర్నకల్‌లోనే వెలసింది. ఈ భౌగోళిక సామ్యాన్ని ఆధారం చేసుకొని, ఒక స్థానిక క్రైస్తవ సంఘానికి ‘స్థాపన’ అంటే ఏమిటి, దాని ‘విస్తరణ’ను ఏ కొలమానంతో లెక్కించాలి అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సంఘాల పత్రాలను ఆకరాలుగా వాడుకోవడంలో పరిశోధకుడు వహించవలసిన జాగ్రత్తను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: కాజీపేట, ఫాతిమానగర్, డోర్నకల్, హనుమకొండ, సంఘం, విచారణ, రైల్వే, దళిత క్రైస్తవులు

1. ఉపోద్ఘాతం

తెలుగునాట స్థానిక క్రైస్తవ సంఘాల చరిత్ర ఎక్కువగా రజతోత్సవ, స్వర్ణోత్సవ సంచికలలో కనిపిస్తుంది. ఈ సంచికలన్నింటికీ దాదాపు ఒకే చట్రం ఉంటుంది. ఒక మిషనరీ వస్తాడు, కష్టాలు పడతాడు, కొందరు విశ్వసిస్తారు, శంకుస్థాపన జరుగుతుంది, మందిరం లేస్తుంది. ఆపై వచ్చిన గురువుల పేర్లు, వారి పదవీకాలాలు వరుసగా ఉంటాయి. ఇవి విలువైన ఆకరాలే. అయితే శిలాఫలకం మీద పేరు ఉన్నవారే ఈ కథనాలలో కర్తలవుతారు. ఇంటింటికీ తిరిగి పాఠం చెప్పిన ఉపదేశి, రోగి మంచం పక్కన కూర్చున్న బైబిలు స్త్రీ, వంటకు కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి పక్కన పెట్టిన గృహిణి వీటిలో సామూహిక నామాలుగా మాత్రమే మిగిలిపోతారు. ‘విశ్వాసులు’ అనే ఒక్క మాటలో వారందరూ ఒదిగిపోతారు.

కాజీపేటను పరిశీలనకు ఎన్నుకోవడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. ఇది ప్రాచీన నగరం కాదు. వరంగల్, హనుమకొండలకున్న కాకతీయ వారసత్వం దీనికి లేదు. ఖాజీ పదవితో ముడిపడిన పేరు, అఫ్జల్ బియాబానీ దర్గా, ఆ తరువాత రైలు – ఆధునిక కాజీపేటను తీర్చిదిద్దినవి ఇవే. ఇటువంటి ఊరు ఒక మేత్రాసనానికి కేంద్రం కావడం వెనుక ఉన్న కారణాలు, ఇక్కడి క్రైస్తవ సమాజ స్వభావాన్ని అర్థం చేసుకోవడానికి కూడా తోడ్పడతాయి.

2. సంఘం, విచారణ: పదాల వెనుక ఉన్న తేడా

తెలుగు క్రైస్తవుల మతభాష ఒక్కటి కాదు. బాప్తిస్టులు, ఇతర ప్రొటెస్టెంట్లు ‘సంఘం’ అంటారు. కతోలికులు ‘విచారణ’ అంటారు. మొదటివారికి ‘బాప్తిస్మం’, రెండవవారికి ‘జ్ఞానస్నానం’. ఒకరిది ‘ఆరాధన’, మరొకరిది ‘దివ్యపూజాబలి’. ఒకరికి ‘సంఘకాపరి’, మరొకరికి ‘విచారణ గురువు’. ఒకే వాడలో ఇరుగుపొరుగున ఉన్న రెండు కుటుంబాలు ఒకే విషయాన్ని రెండు పదజాలాలతో చెప్పుకోవడం క్షేత్రపర్యటన చేసే పరిశోధకులకు కొత్త కాదు. దీనిని మాండలిక భేదంగా భావించి వదిలేయడం పొరపాటు. ఈ పదాలు రెండు వేర్వేరు సభ్యత్వ భావనలను సూచిస్తున్నాయి.

బాప్తిస్టు దృష్టిలో సంఘం అంటే తమ విశ్వాసాన్ని స్వయంగా ఒప్పుకొని, నీటిలో ముంచడం ద్వారా బాప్తిస్మం పొందిన వ్యక్తుల సమూహం. శిశువులకు బాప్తిస్మం లేదు. కనుక తల్లిదండ్రులు, ముగ్గురు చిన్నపిల్లలు ఉన్న కుటుంబం సంఘపు జాబితాలో ఇద్దరుగానే నమోదవుతుంది. కతోలిక విచారణలో అదే కుటుంబం అయిదుగురు. పైగా విచారణ ప్రధానంగా ఒక భూభాగం. కతోలిక ధర్మశాస్త్రం ప్రకారం ఆ సరిహద్దుల్లో నివసించే విశ్వాసులంతా దానికి చెందుతారు. 1983 నాటి ధర్మశాస్త్ర సంహిత విచారణను విశ్వాసుల స్థిర సమాజంగా నిర్వచిస్తూనే, సాధారణంగా అది ప్రాదేశికంగా ఉండాలని చెబుతుంది. ఆంగ్లికన్ సంప్రదాయంలో, దాని వారసత్వం గల దక్షిణ ఇండియా సంఘంలో, అనేక గ్రామాలు కలిసి ఒక పాస్టరేటు అవుతాయి; ఒక గ్రామంలోని సమూహం దానిలో ఒక భాగం మాత్రమే.

అందువల్ల ‘ఈ సంఘం ఎప్పుడు స్థాపితమైంది?’ అన్న ప్రశ్నకు సమాధానం సంప్రదాయాన్ని బట్టి మారుతుంది. సభ్యులు ఒడంబడికగా కూడిన రోజు బాప్తిస్టులకు స్థాపనదినం. పీఠాధిపతి ఆజ్ఞాపత్రం వెలువడిన రోజు కతోలికులకు స్థాపనదినం. సామాన్య విశ్వాసిని అడిగితే ఈ రెండూ కాక, మందిరానికి పైకప్పు పడిన సంవత్సరాన్నే చెప్పే అవకాశం ఎక్కువ. ఈ మూడు తేదీల మధ్య దశాబ్దాల అంతరం ఉండవచ్చు. ఆ అంతరంలో, చెట్టు కిందనో బడి గదిలోనో ఎవరో ఒకరి ఇంటి వసారాలోనో కూడుకున్న మనుషులు ఉంటారు. సంచికలు మౌనం వహించేది సరిగ్గా ఈ కాలం గురించే.

3. రైలుకు ముందు, రైలుకు తరువాత

వరంగల్ ప్రాంతంలో ప్రొటెస్టెంట్ మిషనరీ కృషికి తొలి స్థిరకేంద్రం హనుమకొండ. అమెరికన్ బాప్తిస్టు తెలుగు మిషన్ తరఫున ఆల్బర్ట్ లాఫ్రిడ్జ్ 1879లో అక్కడ పని ప్రారంభించాడు. అంతకుముందు ఏడాదే ఒంగోలు ప్రాంతంలో తీవ్రమైన కరవు అనంతరం సామూహిక బాప్తిస్మాలు జరిగాయి. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగ కుటుంబాలవారు. ఆ ఉత్సాహంలోనే మిషన్ నిజాం రాజ్యంలోనూ తన కేంద్రాలను బలపరచుకుంది. అప్పటికి వరంగల్‌కు రైలు లేదు. నిజాం రాజ్యంలో వాడి–సికింద్రాబాద్ మార్గం 1874లోనే వచ్చినా, సికింద్రాబాద్ నుంచి వరంగల్‌కు 1886లో గాని పట్టాలు పడలేదు. ఎడ్లబండి మీద ప్రయాణించే మిషనరీ పాలనా కేంద్రాన్నీ సంత జరిగే ఊరినీ ఎన్నుకోవడం సహజం. హనుమకొండ అటువంటిదే.

1889 నాటికి ఆ మార్గం బెజవాడను చేరింది. మధ్యలో సింగరేణి బొగ్గు గనుల కోసం ఇల్లందు వైపు చీలిన చోట డోర్నకల్ జంక్షన్ ఏర్పడింది. తిరునెల్వేలి క్రైస్తవులు 1903లో స్థాపించుకొన్న ఇండియన్ మిషనరీ సొసైటీ తన కృషికి ఎన్నుకొన్నది ఈ జంక్షన్‌నే. విదేశీ ధనంపై ఆధారపడకుండా, తమిళ గ్రామీణ సంఘాల చందాలతో తెలుగు నేలకు పనివారిని పంపిన సంస్థ అది. దాని వ్యవస్థాపకుల్లో ఒకడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో డోర్నకల్ వచ్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సమాఖ్యలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న మరణించేదాకా డోర్నకలే ఆయన నివాసం.

1939లో ప్రతిష్ఠితమైన డోర్నకల్ ప్రధాన దేవాలయంలో మసీదును తలపించే గుమ్మటాలు, మందిర మండపాన్ని తలపించే స్తంభాలు ఉన్నాయి. దీనిని దేశీయీకరణకు చిహ్నంగా వర్ణించడం పరిపాటి. ఆ వర్ణన సరైనదే కాని సంపూర్ణం కాదు. కట్టడం పూర్తికావడానికి సుమారు పాతికేళ్లు పట్టింది. విశ్వాసుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల వ్యవసాయ కూలీలు కావడం, గ్రామ సంఘాలు తమ ఉపదేశకుల్ని తామే పోషించుకోవాలని అజరయ్య పట్టుబట్టడం – ఆ జాప్యాన్ని ఈ రెండింటి నేపథ్యంలో చూడాలి. పిడికెడు బియ్యం, కోతకాలపు కానుకలు ఆ సంఘాల ఆర్థిక పునాదులు. శైలి కంటే ఈ ఆర్థిక వ్యవస్థే డోర్నకల్‌ను దేశీయం చేసిందనడం సమంజసం.

కాజీపేట ప్రాధాన్యం వీటన్నింటి తరువాతిది. ఉత్తరంగా బల్హార్షా వైపు మార్గం 1929లో పూర్తయిన తరువాతే ఢిల్లీ–మద్రాసు ప్రధానమార్గం కాజీపేట మీదుగా నడిచింది. హైదరాబాదు, బెజవాడ, బల్హార్షా అనే మూడు దిక్కుల కూడలి కావడంతో ఊరి రూపురేఖలే మారాయి. ఇంజన్ షెడ్డు, రైల్వే క్వార్టర్లు, బదిలీల మీద వచ్చిన ఉద్యోగులు, వారితోపాటు వచ్చిన భాషలు, మతాలు – గ్రామీణ తెలంగాణలో కానరాని ఒక సమాజం ఇక్కడ ఏర్పడింది.

హనుమకొండ 1879, డోర్నకల్ 1912, కాజీపేట 1952: ఈ మూడు కేంద్రాలను వరుసగా చూస్తే మిషన్ భౌగోళికం రవాణా భౌగోళికాన్ని ఎంత సన్నిహితంగా అనుసరించిందో తెలుస్తుంది.

4. ఫాతిమానగర్

నిజాం రాజ్యంలో కతోలిక కృషి పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగం నుంచి మిలాన్ నగరానికి చెందిన ఇటాలియన్ మిషనరీల చేతుల్లో ఉండేది. 1886లో హైదరాబాదు మేత్రాసనంగా ఏర్పడింది. దాని పరిధి అతివిశాలం. 1930వ దశకంలో బెజవాడ ప్రాంతం దానినుంచి విడివడింది. 1952లో వరంగల్ మేత్రాసనం ఏర్పడింది. అప్పటిదాకా హైదరాబాదు పీఠాధిపతిగా ఉన్న అల్ఫోన్సో బెరెట్టా 1953లో వరంగల్ తొలి పీఠాధిపతిగా వచ్చి, 1985 వరకు ఆ బాధ్యతలో కొనసాగాడు. మహానగరపు పీఠాన్ని విడిచి కొత్తగా ఏర్పడిన గ్రామీణ పీఠానికి రావడం అరుదైన విషయం. ఆయన వచ్చేనాటి పరిస్థితులు కూడా గమనార్హం: సైనికచర్య, తెలంగాణ సాయుధపోరాటం ముగిసి ఎంతో కాలం కాలేదు, ఖమ్మం అప్పుడే, 1953 అక్టోబరులో, వరంగల్ జిల్లా నుంచి విడివడి ప్రత్యేక జిల్లా అయింది.

పీఠం పేరు వరంగల్‌ది, స్థానం కాజీపేటది. మేత్రాసన పరిధిలోని ప్రాంతాలను రైలుపటం మీద గుర్తిస్తే ఈ ఎంపిక తర్కం స్పష్టమవుతుంది. ఖమ్మం వైపు బెజవాడ మార్గం, కరీంనగర్ జిల్లా తూర్పుభాగం వైపు బల్హార్షా మార్గం, మాతృపీఠమైన హైదరాబాదు వైపు మూడవ మార్గం. ఏ మారుమూల విచారణ గురువైనా సమీప స్టేషన్‌లో రైలెక్కితే బండి మారకుండానో ఒక్కసారి మారో పీఠాధిపతి నివాసానికి చేరగలిగే చోటు కాజీపేట ఒక్కటే.

ప్రధాన దేవాలయం ఫాతిమా మాతకు అంకితం. పోర్చుగల్‌లోని ఫాతిమా గ్రామంలో 1917లో ముగ్గురు పిల్లలకు మరియమాత దర్శనమిచ్చిందన్న విశ్వాసం మీద ఈ భక్తి ఏర్పడింది. 1947లో బయలుదేరిన యాత్రా ప్రతిమతో అది ప్రపంచమంతటా వ్యాపించింది. 1950వ దశకంలో ఏర్పడిన దేవాలయాలకు ఈ పేరు విరివిగా ఉండడానికి అదే కారణం. అయితే కాజీపేటలో ఆ పేరుకు మరొక ధ్వని ఉంది. అరబీ మూలం గల ఫాతిమా అనే పేరు ముస్లిములకు ప్రవక్త కుమార్తె పేరుగా పవిత్రం. ఖాజీ పేరిట వెలసి, దర్గాకు ప్రసిద్ధి చెందిన ఊరిలో, క్రైస్తవ వాడకు ఫాతిమానగర్ అనే పేరు ఎవరికీ పరాయిగా తోచదు. ఇది ఉద్దేశపూర్వకమైన ఎంపిక అనడానికి వీలులేదు. కాని ఒక స్థలనామం స్థానికంగా ఎలా నిలదొక్కుకుంటుందో చూపే చక్కని ఉదాహరణ ఇది. ఇప్పుడు ఆ పేరు బస్టాపుకు, కూడలికి, వాడకు చెందింది. దానిని పలికేవారిలో అధికులు క్రైస్తవులు కారు.

ఈ విస్తరణలో విద్యాసంస్థల పాత్ర పెద్దది. మోంట్‌ఫోర్ట్ సహోదరుల ఆధ్వర్యంలో 1955లో సెయింట్ గాబ్రియెల్ పాఠశాల ఇక్కడ ప్రారంభమైంది. రైల్వే ఉద్యోగుల, వరంగల్ మధ్యతరగతి కుటుంబాల పిల్లలకు అది పేరున్న బడి. ఇక్కడ ఒక సూక్ష్మభేదాన్ని గమనించాలి. సంస్థ విస్తరణ వేరు, సంఘం విస్తరణ వేరు. పాఠశాల కీర్తి పెరిగినకొద్దీ దాని ప్రయోజనం ఎక్కువగా అన్యమత మధ్యతరగతికి చేరింది. గ్రామ విచారణల్లోని కూలీ కుటుంబాల పిల్లలకు చదువు అందినది ప్రధానంగా గ్రామ పాఠశాలలూ బోర్డింగుల ద్వారానే. జూబిలీ సంచికల్లో మొదటిదానికి పుటలు, రెండవదానికి పంక్తులు దక్కుతాయి.

విశ్వాసుల అనుభవంలో అంతకంటె పెద్ద మార్పు భాషలో వచ్చింది. రెండవ వాటికన్ మహాసభ 1963లో ఆమోదించిన అర్చనా సంస్కరణల తరువాత, అంతవరకు లాటిన్‌లో సాగిన పూజ తెలుగులోకి వచ్చింది. గురువు పీఠంవైపు తిరిగి పలికే అర్థంకాని మాటలకు మౌనసాక్షిగా ఉన్న విశ్వాసి జవాబులు చెప్పేవాడయ్యాడు. భవనం దృష్ట్యా కాక సమాజం దృష్ట్యా చూస్తే, ఫాతిమానగర్ సంఘానికి ఇదొక ద్వితీయ స్థాపన అనవచ్చు. పీఠం దేశీయుల చేతికి రావడానికి మరికొంత కాలం పట్టింది. 1986లో తుమ్మా బాల పీఠాధిపతిగా నియమితుడయ్యాడు. పొరుగునే ఉన్న డోర్నకల్‌లో భారతీయుడు బిషప్ అయిన 74 సంవత్సరాల తరువాతి సంఘటన ఇది. 2011లో ఆయన హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయ్యాడు.

5. విస్తరణను కొలవడం ఎలా?

సంఘాభివృద్ధి అధ్యయనాల్లో డొనాల్డ్ మెక్‌గావ్రన్ ప్రతిపాదించిన వర్గీకరణ సుపరిచితం: జననం వల్ల, బదిలీ వల్ల, మతస్వీకారం వల్ల జరిగే వృద్ధి. మధ్య భారతంలో పుట్టి అక్కడే పనిచేసిన ఆయన, వాస్కమ్ పికెట్ 1933లో ప్రకటించిన సామూహిక మతస్వీకార ఉద్యమాల అధ్యయనం వల్ల ప్రభావితుడయ్యాడు. వీరి దృష్టి ప్రధానంగా మూడవ రకం వృద్ధి మీదనే. బదిలీ వల్ల కలిగే వృద్ధిని వారు నిజమైన వృద్ధిగా ఎంచలేదు. ఒకచోట తగ్గింది మరొకచోట పెరిగిందంతే అన్నది వారి వాదం.

కాజీపేట వంటి ఊరిలో ఈ వాదం నిలవదు. రైల్వే ఉద్యోగి బదిలీ మీద వచ్చినప్పుడు అతనితోపాటు ఒక పాటల సంప్రదాయం, ఒక ఆరాధనా పద్ధతి, నెలజీతం అలవాటు వస్తాయి. గ్రామ సంఘం కానుక కోతల మీద ఆధారపడితే, రైల్వే సంఘం కానుక జీతాల తేదీ మీద ఆధారపడుతుంది. పంట పోయిన ఏడాది గ్రామ సంఘం ఉపదేశి జీతం ఆగిపోతుంది. రైల్వే కాలనీలో అది ఆగదు. మందిర నిర్మాణానికి, స్వయంపోషక సంఘకాపరికి అవసరమైన నగదు ఆదాయం ఈ విధంగా సమకూరుతుంది. మరోవైపు, బదిలీ అయిన ప్రతి కుటుంబం సంఘపెద్దల మండలిలో ఖాళీని మిగిల్చి పోతుంది. షిఫ్టు డ్యూటీలో ఉన్న డ్రైవరుకు ఆదివారం ఉదయం అందరికీ ఉన్నట్లు ఉండదు. సభ్యుల సంఖ్య స్థిరంగా కనిపించినా సభ్యులు స్థిరంగా ఉండరు. పదేళ్ల అంతరంతో తీసిన రెండు జాబితాల్లో మొత్తం ఒకటే అయినా పేర్లు సగం మారిపోయి ఉండవచ్చు. ఇటువంటి సంఘాన్ని ఎదగనిదిగా తీర్మానించడం అంకెలను మాత్రమే చదివినవారి తొందరపాటు.

విభజన కూడా విస్తరణకు ఒక రూపమే. 1988లో ఖమ్మం ప్రత్యేక మేత్రాసనమైనప్పుడు వరంగల్ పరిధి తగ్గింది. 1999లో సిరో-మలబారు సంప్రదాయానికి చెందిన ఆదిలాబాదు మేత్రాసనం ఏర్పడినప్పుడు దాని కేంద్రం కూడా, కాకతాళీయమో కాదో గాని, కాజీపేట–బల్హార్షా మార్గం మీదనే ఉన్న మంచిర్యాల అయింది. ఇక 1962లో తెలుగు బాప్తిస్టు సంఘాల సమావేశంగా సంఘటితమైన బాప్తిస్టుల పరిధికీ, ఈ పీఠాల పరిధికీ వెలుపల స్వతంత్ర సంఘాలు పెరిగాయి. కాజీపేట సమీపంలోని కరుణాపురంలో 2023లో ప్రారంభమైన భారీ ప్రార్థనామందిరం ఈ ధోరణికి తాజా ఉదాహరణ. అక్కడికి వచ్చేవారిలో అనేకులకు మరొకచోట మూలసభ్యత్వం ఉండే అవకాశం ఉంది గనుక, ‘సంఘం’ అనే మాటకు పైన చెప్పిన రెండు నిర్వచనాల్లో ఏదీ దానికి సరిపోదు.

6. రిజిస్టరులో ఒక పేరు, ధ్రువపత్రంలో మరొక పేరు

స్థానిక సంఘచరిత్ర రాయదలచిన పరిశోధకునికి అతిముఖ్యమైన ఆకరం మందిరపు రిజిస్టరు. కతోలిక విచారణలు జ్ఞానస్నాన, వివాహ, మరణ రిజిస్టర్లను తప్పనిసరిగా నిర్వహించాలి. బాప్తిస్టు, దక్షిణ ఇండియా సంఘాలు కూడా ఇటువంటి పుస్తకాలు ఉంచుతాయి. శిలాఫలకాల మీద లేని మనుషులందరూ దొరికేది వీటిలోనే. ఇంటిపేరు, ఊరు, తల్లిదండ్రుల పేర్లు, సాక్షుల పేర్లు – వీటి ఆధారంగా ఒక సంఘం ఏ కుటుంబంతో మొదలై ఏ బంధుత్వాల వెంట పక్క గ్రామాలకు పాకిందో నిర్ధారించవచ్చు. స్థాపకులెవరన్న ప్రశ్నకు జూబిలీ సంచిక ఇచ్చే సమాధానాన్ని సరిచూడగల ఆధారం ఇదొక్కటే.

కాని ఈ ఆకరం నిరపాయకరం కాదు. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వులోని మూడవ పేరా షెడ్యూల్డు కుల హోదాను తొలుత హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించారు. క్రైస్తవులకు ఆ విస్తరణ జరగలేదు. సూసై కేసులో 1985లో సుప్రీంకోర్టు ఆ నిబంధనలో జోక్యం చేసుకోలేదు. ఉభయ తెలుగు రాష్ట్రాల్లో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవం స్వీకరించినవారిని, వారి సంతతిని వెనుకబడిన తరగతుల్లో సి వర్గంగా పరిగణిస్తారు. వారికి 1 శాతం రిజర్వేషన్ వర్తిస్తుంది. ఈ సమస్యను పరిశీలించడానికి కేంద్రప్రభుత్వం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో ఒక కమిషన్‌ను నియమించింది. అదే ఏడాది హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ కార్డినల్ అయ్యాడు. దళిత సమాజం నుంచి ఆ పదవి పొందిన తొలి వ్యక్తి ఆయనే. చర్చిలో అత్యున్నత స్థానానికి చేరినా తన సమాజానికి చట్టంలో పేరు లేని స్థితి ఇది.

దీని ఫలితం సంఘ పత్రాలలో ప్రత్యక్షంగా కనిపిస్తుంది. మందిరపు రిజిస్టరులో ఒక పేరు, పాఠశాల రిజిస్టరులో మరొక పేరు. ఇంట్లో క్రైస్తవులు, ధ్రువపత్రంలో హిందువులు. జనాభా లెక్కల్లోని క్రైస్తవుల సంఖ్యకూ ఆదివారం మందిరంలో కూడే సంఖ్యకూ పొంతన కుదరకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. దీనిని కపటంగా చిత్రించేవారున్నారు. పొలంలో అదే కూలి, ఊరిలో అదే వాడ, పెళ్లిసంబంధాలకు అదే కులం ఉన్నప్పుడు, మతం మారినంతమాత్రాన వివక్ష మాసిపోయిందని భావించిన ఉత్తర్వులోనే అసలు వైరుధ్యం ఉంది.

అందువల్ల ఒక జ్ఞానస్నాన రిజిస్టరు పుటను యథాతథంగా ప్రచురించడం, ఫలానా గ్రామంలో ఫలానా ఇంటిపేరువారు తొలి విశ్వాసులని రాయడం సాధారణ పరిశోధనా వ్యవహారం కాదు. శతాబ్దం కిందటి పూర్వికుని పేరు అచ్చయితే, దాని భారం నేడు ఉద్యోగానికి దరఖాస్తు చేసుకొన్న మునిమనుమరాలి మీద పడవచ్చు. కుటుంబ నామాలను సంకేతాలతో సూచించడం, గ్రామాన్ని మండలస్థాయికి సాధారణీకరించడం, ప్రచురణకు ముందు సంఘపెద్దలకే కాక ఆయా కుటుంబాలకు కూడా రాతప్రతిని చదివి వినిపించడం ఆచరణసాధ్యమైన పద్ధతులు. ఇందులో ఒక చిక్కు ఉంది. అనామకులుగా మిగిలిపోయిన స్థాపకులకు పేర్లు తిరిగి ఇవ్వడం ఈ రకం చరిత్రరచన లక్ష్యం. వారి వారసుల క్షేమం కోసం ఆ పేర్లనే మళ్లీ దాచవలసి వస్తున్నది. మూడవ పేరా అమలులో ఉన్నంతకాలం, ఏ పేరు రాయవచ్చునో ఏది రాయరాదో నిర్ణయించే హక్కు ఆ కుటుంబాలదే.